కేళీలు ఏరిన ఆదివారం

పొద్దున్నే విశాఖ మద్దిలపాలెంలో బస్సెక్కి ఆనందపురంలో దిగి, అక్కడి నుంచి ఆటోలో మావయ్య వాళ్ల ఊరు వెళ్లాను. అమ్మ పంపిన బీపీ మాత్రలు ఇచ్చేసి మధ్యాహ్నం భోజనానికి వచ్చేద్దామనుకున్నాను. ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది దాటింది.

మావయ్య పొలంలో ఉన్నాడని అత్త చెబితే అటే నడిచాను. స్వర్ణ రకం వరి పొట్ట మీదుంది, అంటే కంకి ఇంకా కాడలోంచి బయటికి రాలేదు. కత్తిరించినట్టు సమంగా ఉన్న చేలో అక్కడక్కడా జానెడు పైకి లేచి, అప్పుడే కంకి వేసేసిన దుబ్బులు కనిపించాయి. అవే బాగున్నాయి అన్నాను.

"పక్కోడి కూడు లాక్కుని తింటే బాగోవేటమ్మా? అవి కేళీలు," అన్నాడు మావయ్య. కేళీలంటే చేలో కలిసి మొలిచిన వేరే రకం వరి. పోయినేడు కళ్లంలో వేరే ధాన్యం కలిసిపోయిందట. ఆ విత్తనమే ఈసారి నారు పోశాడు.

మడిలోకి దింపి దగ్గరగా చూపించాడు. కేళీ ఆకులు పొడుగ్గా వంగి, చుట్టూ ఉన్నవాటి మీద గొడుగు పట్టినట్టున్నాయి. లెక్కపెడితే దానికి 18 పిలకలు. ఆనుకుని ఉన్న స్వర్ణ దుబ్బుకి ఆరే, కింది ఆకులు పండిపోయాయి. నాలుగడుగుల అవతల, చుట్టూ స్వర్ణే ఉన్న దుబ్బుకి 12. అన్నీ వరే. ఒకే నీరు, ఒకే ఎరువు, ఒకే రోజు ఊడ్చిన మడి. ఆరు పిలకల దుబ్బుని చూస్తే నిజంగా జాలేసింది.

చీర ఎగ్గట్టి నేనూ పీకడం మొదలుపెట్టాను. వేళ్లతో సహా రావాలి, లేకపోతే మళ్లీ చిగురేస్తుంది. పీకుతుంటే ఆంధ్రా యూనివర్సిటీలో బోటనీ క్లాసులో విన్నది గుర్తొచ్చింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో పీటర్ జెన్నింగ్స్, ఆయన సహచరుడు పొడుగు, పొట్టి వరి రకాలను కలిపి పండించి చూశారు. ఏ రకానికి ఆ రకం విడిగా వేస్తే పొట్టివే ఎక్కువ పండాయి. కలిపి వేస్తే మాత్రం కొన్ని పంటల్లోనే పొడుగువి మడిని ఆక్రమించేశాయి, పొట్టివి దాదాపు కనబడకుండా పోయాయి. 1968లో అచ్చయిన పని అది. అదే ఏడాది ఆస్ట్రేలియాలో డొనాల్డ్ అనే శాస్త్రవేత్త గోధుమ గురించి ఇలాంటి మాటే చెప్పాడు: పక్క మొక్కతో గట్టిగా పోటీపడని మొక్కే చేలో మంచి పంట మొక్క అని.

1966లో వచ్చిన ఐఆర్8 అనే పొట్టి వరికి డీ-జియో-వూ-జెన్ అనే రకం నుంచి పొట్టి జన్యువు వచ్చింది. మన స్వర్ణలోనూ ఆ పొట్టితనమే ఉంది. పొట్టి మొక్క కాడ పెంచుకోవడానికి పెట్టే బలం గింజకి పెడుతుంది, ఎరువు వేసినా పడిపోదు, నిటారు ఆకుల సందుల్లోంచి పక్కదానికి వెలుగు వదులుతుంది. ఆ వెలుగునే కేళీ దోచుకుంటుంది. చదువుకున్నప్పుడు ఇది పరీక్షకి రాసిన జవాబు మాత్రమే. మోకాలి లోతు బురదలో నిలబడితే గానీ నాకు ఒంటబట్టలేదు.

చీకటి పడే వేళకి గట్టు మీద కుప్ప నా నడుమంత ఎత్తయింది. అత్త దాన్ని ఆవులకి మోసుకెళ్లింది. మావయ్య ఒక్క కేళీ కూడా లేని మూల వెతికి, నాలుగు కర్రలు పాతి ఎర్రగుడ్డ కట్టాడు. వచ్చే ఏటి విత్తనం అక్కడిదేనట.

కేళీ పోయింది కదా, ఆ ఆరు పిలకల దుబ్బు ఇప్పుడు కోలుకుంటుందా అని అడిగాను.

"కొత్త పిలకలు ఇంక రావమ్మా," అన్నాడు, చేతులు కాలవలో కడుక్కుంటూ. "ఎండ తగుల్తాది కదా, ఉన్న ఆరు కంకులైనా నిండుతాయి."