కుడిపక్కన, ఎండిన చెట్టు మీద

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్కులో మన కారు మనమే నడుపుకుంటూ సింహాల మధ్య తిరగొచ్చనీ, రాత్రికి క్యాంపులో టెంటు వేసుకుని పడుకోవచ్చనీ చెబితే ఇండియా నుంచి వచ్చిన చుట్టాలు ఒక పట్టాన నమ్మరు. అంతెందుకు, జొహానెస్‌బర్గ్‌లో ఉన్న తెలుగువాళ్ళం కూడా చాలామందిమి సఫారీ అంటే లాడ్జి, బఫే, టోపీ పెట్టుకున్న గైడు అనే అనుకుంటాం. వాటి రేట్లు చూస్తే గుండె గుభేలుమంటుంది కాబట్టి ఊరి నుంచి ఎవరైనా వస్తే తప్ప అటువైపు వెళ్ళం. టెంటు మనదైతే అంత ఖర్చుండదు. జూలైలో బళ్ళకి సెలవులు, అది ఇక్కడ చలికాలం, వానలుండవు, గడ్డి ఎండిపోయి ఉంటుంది, జంతువులు నీళ్ళ కోసం నదుల దగ్గరికి చేరతాయి. దోమలూ తగ్గుతాయి. అది మలేరియా ఉన్న ప్రాంతం కాబట్టి డాక్టర్ని అడిగి వెళ్ళడం మాత్రం మానకండి.

మా పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. అబ్బాయికి పదకొండు, అమ్మాయికి ఏడు. బడిలో ఇంగ్లీషు, దాంతోపాటు జులూ. ఇంట్లో మేం తెలుగులో అడుగుతాం, వాళ్ళు ఇంగ్లీషులో జవాబిస్తారు. ఈ బాధ దేశం దాటిన అమ్మానాన్నలందరికీ తెలిసిందే, సాగదీయను.

పార్కు చాలా పెద్దది, 20 వేల చదరపు కిలోమీటర్లకి కొంచెం తక్కువ. తారు రోడ్డు మీద 50, మట్టి రోడ్డు మీద 40 దాటకూడదు. స్కుకూజా క్యాంపు నుంచి సతారా క్యాంపుకి 90 కిలోమీటర్ల పైచిలుకు, హైవే అయితే గంట ప్రయాణం, ఇక్కడ ఆగుతూ ఆగుతూ వెళితే ఒక పూట. దారిలో కారు దిగకూడదు, కిటికీలోంచి చెయ్యి బయట పెట్టకూడదు, చీకటి పడేలోగా క్యాంపు గేటు లోపలికి వచ్చేయాలి. ఫోన్ సిగ్నల్ క్యాంపుల దగ్గర తప్ప నమ్ముకోవడానికి లేదు. అంటే నలుగురం గంటల తరబడి ఒకే కారులో, స్క్రీన్ లేకుండా, ఒకరి నుంచి ఒకరు తప్పించుకునే దారి లేకుండా. అన్నట్టు, చిన్నపిల్లలున్నవాళ్ళు ఒక పాటీ (పిల్లల టాయిలెట్ కుండ) కారులో పడేసుకోండి. "అమ్మా, అర్జెంట్" అనేసరికి టాయిలెట్ ఇంకో గంట దూరంలో ఉంటుంది, పోనీ పొదల వెనక్కి తీసుకెళదామంటే ఆ పొదల్లో ముందే ఎవరు కూర్చున్నారో తెలియదు.

మొదటి పూటంతా వెనక సీట్లోంచి "దేర్! దేర్!" అని అరుపులు. ఎక్కడే అంటే మళ్ళీ "దేర్!" మా ఆయన రోడ్డు చూడాలి, నేను బైనాక్యులర్స్ పట్టుకుని నాలుగు దిక్కులూ వెతకాలి, ఈలోపు ఆ కనబడింది కాస్తా పొదల్లోకి పోతుంది. విసుగొచ్చి రూలు పెట్టాను: ఎక్కడుందో తెలుగులో చెబితేనే కారు ఆగుతుంది. ఇద్దరూ మూతులు ముడిచారు. కానీ ఒక మలుపు దగ్గర అమ్మాయికి చిరుత కనబడింది, దానికి చెప్పక తప్పలేదు. "నాన్నా ఆపు, కుడిపక్కన, చెట్టు... ఆకుల్లేని చెట్టు, అడ్డంగా ఉన్న కొమ్మ, కింద కాదు పైన, తోక!" కారు ముందుకొచ్చేసింది. "వెనక్కి, ఇంకొంచెం వెనక్కి, చాలు చాలు." నిజంగానే తోక వేలాడుతోంది, చివర మాత్రం కొంచెం పైకి వంగి. ఆదివారం ఆన్‌లైన్ తెలుగు క్లాసులో బాణం గుర్తులు చూపించి ఎంత నేర్పినా కుడీ ఎడమా కలిపేసే పిల్ల, చిరుత తప్పిపోతుందన్న కంగారులో ఒక్క తప్పు లేకుండా చెప్పింది. అప్పటినుంచి ఇద్దరి మధ్య పోటీయే. అవతల, ఇవతల, ఏటవాలు, పుట్ట పక్కన, మోడు వెనక, ఇవన్నీ మేం కూర్చోబెట్టి నేర్పినవి కావు, అవసరానికి మమ్మల్ని అడిగి మరీ తీసుకున్నవి.

లోయర్ సాబీ క్యాంపు వైపు నది పక్క రోడ్డు మీద ఒక మగ ఏనుగు ఎదురొచ్చింది. ఒంటరిగా, రోడ్డు మధ్యలో, తీరిగ్గా. మేం చిన్నప్పుడు చూసిన ఏనుగు నామాలు పెట్టుకుని గుడి దగ్గర నిలబడేది, అరటిపండు ఇస్తే తొండంతో దీవించేది. ఆ ధైర్యంతోనో ఏమో మా ఆయన కారు ఆపి ఫోటో తీయబోతున్నారు. మావాడు మాత్రం కంటికీ చెవికీ మధ్య నల్లగా కారిన చారనీ, తడిసిన వెనక కాళ్ళనీ చూసేశాడు. "నాన్నా, మదంలో ఉంది, హారన్ కొట్టొద్దు, మెల్లిగా రివర్స్" అని గుసగుసగా అన్నాడు. చాలా దూరం అలాగే వెనక్కి వెళ్ళాం, అది మా దారినే వస్తూనే ఉంది, చివరికి ఏదో గుర్తొచ్చినట్టు పక్కకి తిరిగి నది వైపు దిగిపోయింది. ఆ కాసేపూ కారులో పెద్దవాడు వాడే. అదేమంత కష్టంగా అనిపించలేదు నాకు, అది వాడు పుట్టిన దేశపు ఏనుగు మరి.

సతారాలో మా పక్క సైటు డర్బన్ నుంచి వచ్చిన కుటుంబానిది. ఇంటిపేరు నాయుడు, ఇక్కడివాళ్ళు రాసుకునే స్పెల్లింగ్ వేరు. నిప్పుల మీద ఇనప కుండ పెట్టి మటన్ కూర వండుతున్నారు, ఆ పోపు వాసనకి మా వాళ్ళిద్దరూ వాళ్ళ దగ్గరే తేలారు. నేను అదే నిప్పుల మీద వంకాయలు కాల్చి పచ్చడి చేసి ఇచ్చాను. (బ్రెడ్డు అప్పటికే కోతి ఎత్తుకుపోయింది, టెంటు జిప్పు వేశాక కూడా.) 1860 నవంబరులో మద్రాసు నుంచి కూలీలతో మొదటి ఓడ డర్బన్ చేరింది, ఆ తర్వాతి ఏళ్ళలో చెరకు తోటల్లో పనికి వచ్చిన తెలుగువాళ్ళ సంతతి వీళ్ళు. 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఆ కుటుంబంలోని పెద్దావిడకి తెలుగు మాట్లాడటం రాదు, భజనలు మాత్రం కంఠతా వచ్చు. జాతివివక్ష రోజుల్లో తనవాళ్ళని ఈ పెద్ద క్యాంపుల్లో ఉండనిచ్చేవాళ్ళు కాదనీ, నల్లవాళ్ళకీ భారతీయులకీ బలూలే అనే చిన్న క్యాంపు చూపించేవాళ్ళనీ చెప్పింది. ఇప్పుడు కంచె పక్క మంచి సైటు ఎక్కడుందో, రాత్రి దుమ్ములగొండి కంచె వెంట ఏ వేళకి నడుస్తుందో ఆవిడకి తెలిసినంత మాకు తెలియదు.

మా అమ్మాయి తిన్నగా వెళ్ళి మీరు తెలుగువాళ్ళా అని ఇంగ్లీషులో అడిగింది. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించకుండా "అవును మరి" అంది, అదీ ఇంగ్లీషులోనే. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు, దుమ్ములగొండి అరుపుల వల్ల మాత్రమే కాదు. భాష పోయినా తెలుగుతనం నిలుస్తుందిలే అని మన సంఘాల మీటింగుల్లో అంటుంటారు, ఆవిడని చూస్తే నిజమేననిపిస్తుంది, ఆవిడ దగ్గర పోయిందేమిటో కూడా కనబడుతూనే ఉంటుంది. ఆ మాట పట్టుకుని సరిపెట్టుకోవడం నావల్ల కాదు. ఆవిడ ముందుతరాలకి దొరకని ఫోన్లు, విమాన టిక్కెట్లు మాకున్నాయి, మాకింక సాకేముంది?

ఆదివారం క్లాసు మానిపించలేదు, అక్షరాలకి అది కావాలి. కానీ కారు రూలు ఇంటికొచ్చాక కూడా ఎత్తేయలేదు, ఇప్పుడు పార్కింగ్ ఎక్కడ ఖాళీ ఉందో కూడా తెలుగులోనే చెప్పాలి.

డిసెంబరులో మళ్ళీ క్రూగరే అని మావాడి పట్టు. అప్పుడు అక్కడ ఎండ మాడ్చేస్తుంది, వానలకి గడ్డి పెరిగి జంతువులు కనబడవు, కాబట్టి రాజమండ్రికే టిక్కెట్లు తీస్తున్నాం. పాపికొండల అడవిలో పులులున్నాయని, ఆఫ్రికాలో లేని జంతువు మన ఊరి పక్కనే ఉందని చెప్పాక కాస్త మెత్తబడ్డాడు. గోదావరి మీద టూరిస్టు పడవలోంచి పులి కనబడదని మాత్రం ముందే చెప్పేశాను, తర్వాత నన్ను అనకూడదు.