జివ్వుమనేది, సలిపేది, మంట పెట్టేది

మా ఫిజియోథెరపీ క్లినిక్కులో పొద్దున మొదటి పేషెంటు ఎమ్మారై కవరు బల్లమీద పెట్టి, "ఎల్4-ఎల్5 దగ్గర డిస్కు బల్జ్ అటండీ, సయాటికా" అని తనే తేల్చేశారు. అంటే నడుము కింది వెన్నుపూసల మధ్య దిండులాంటి డిస్కు ఉబ్బి, కాల్లోకి దిగే నరాన్ని నొక్కుతోందని. నొప్పి ఎక్కడో చూపించమంటే అరచెయ్యంతా పిరుదు మీద వేసి రుద్దారు. లోతుగా సలపడమే, మోకాలు దాటి కిందికి రాదు. నరం నొప్పేనేమో చూద్దామని పడుకోబెట్టి కాలు చాపి లేపితే తొడ వెనక కండరం బిగిసింది, అంతే. అక్కడే ఆపి పాదం పైకి వంచినా తేడా లేదు. స్పర్శ, బలం, రిఫ్లెక్సులు అన్నీ బాగానే ఉన్నాయి. నడుము కీళ్లు, కండరాల నుంచి కాలికి పాకే నొప్పి ఇది. నొప్పే లేనివాళ్ల స్కానుల్లోనూ బల్జులు బోలెడు కనిపిస్తాయని చెప్పాను. ఆయన ముఖంలో ఊరట కంటే నిరాశే ఎక్కువ. స్కానింగుకు డబ్బు పోసింది ఆయనే కదా.

తర్వాత వచ్చినావిడది అసలైన నరం నొప్పి. పిరుదు నుంచి పిక్క పక్కగా పాదం పైవరకూ సన్నటి పట్టీలా దిగుతుంది, దగ్గితే కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది. కాలు 40 డిగ్రీలు లేవకముందే "అబ్బా" అన్నారు. అయినా బొటనవేలిని నా చేతికి ఎదురొడ్డి గట్టిగానే పైకెత్తారు, స్పర్శా రెండు కాళ్లకూ ఒకటే. వెన్ను నుంచి బయల్దేరే చోట నరం మొదలు రేగి ఉంది గానీ పని మానలేదు.

మధ్యాహ్నం వచ్చినాయనది దీనికి పూర్తిగా తిరగేసిన కథ. "నొప్పి తగ్గిపోయిందండీ, ఇక రానక్కర్లేదేమో" అని నవ్వుతూ లోపలికొచ్చారు. నడకలో కుడి పాదం నేలకు టప్పుమని తగులుతోంది. బొటనవేలు లేపి ఉంచమంటే ఒక్క వేలితో కిందికి నొక్కేయగలిగాను. మడమల మీద నడవలేకపోయారు. నడుము నుంచి పాదానికి వచ్చే ఎల్5 నరం దెబ్బతింటున్న లక్షణాలివి. నొప్పికి పదికి మార్కులు వేయించే అలవాటు ఇలాంటి చోటే మోసం చేస్తుంది: ఆవిడ 8 అన్నారు, ఈయన 2. భయపడాల్సింది ఈయన గురించే. మూత్రం మీద పట్టు తప్పుతోందా, కూర్చునే చోట మొద్దుబారిందా అని అడిగాను. మొహమాటపెట్టే ప్రశ్నే గానీ వదిలేయకూడనిది. లేదన్నారు. అయినా వ్యాయామాలు పక్కనబెట్టి, ఇవాళే స్పెషలిస్టును కలవమని చీటీ రాసిచ్చి పంపాను.

సాయంత్రం షుగర్ ఉన్నాయన ఒకరు. రెండు పాదాలకూ మేజోళ్లు తొడిగినంత మేర మంట, రాత్రి దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. అదే పాదం కింద 10 గ్రాముల మోనోఫిలమెంటు (అంత ఒత్తిడికి వంగే, స్పర్శ చూసే సన్నటి నైలాను పోగు) ఆనిస్తే తెలియనేలేదు. మంటా మొద్దుబారడమూ ఒకేచోట ఉండటం ఎన్నిసార్లు చూసినా వింతగానే ఉంటుంది. చెడిన నరం బయటి స్పర్శను మోయలేదు, తనంతట తాను మాత్రం లేని మంటను పుట్టిస్తూంటుంది. ఇక్కడ నడుము పరీక్షలతో పొద్దుపుచ్చడం దండగ. చెప్పుల్లేకుండా నడవొద్దని, రోజూ అరికాళ్లు చూసుకోమని చెప్పి, బ్యాలెన్స్ వ్యాయామాలు మొదలుపెట్టించాను.

కేసు షీట్లు రాస్తుంటే జూనియర్ అమ్మాయి, "అందరికీ నరం సాగదీసే వ్యాయామమే ఇవ్వొచ్చా మేడమ్?" అంది. పొద్దుటావిడకు అలా సాగదీస్తే రాత్రంతా నిద్ర ఉండదు. నరాన్ని ఒక చివర లాగుతున్నప్పుడు రెండో చివర వదలాలి: కూర్చుని మోకాలు చాపేటప్పుడు తల పైకెత్తడం, మడిచేటప్పుడు దించడం. జివ్వుమనకముందే ఆగాలి. రేపు ఆవిడకు అదే, పదేసిసార్లు. రాత్రికి నొప్పి పెరిగిందంటే ఎల్లుండి సగానికి తగ్గించాలి.