పీసీఓ2 కలిసినంత మాత్రాన మోడల్ పాసైనట్టు కాదు

హైదరాబాద్‌కు సముద్రం లేదు. కానీ హిందూ మహాసముద్రంలో మునుగుతూ తేలుతూ కొలతలు తీసే ఆర్గో ఫ్లోట్ల డేటా ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్‌కూ (జాతీయ సముద్ర సమాచార కేంద్రానికి) చేరుతుంది. ఈ ఊళ్లో కూర్చుని సముద్రపు కార్బన్‌ను లెక్కగట్టే కంప్యూటర్ మోడల్‌ను కొలతలతో పోల్చబోయేవాళ్లు ముందే తెలుసుకోవాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి.

కొలతలు ప్రధానంగా రెండు చోట్ల దొరుకుతాయి. ఉపరితలానికి సోకాట్, లోతుకు గ్లోడాప్ అనే అంతర్జాతీయ డేటా సంకలనాలు. సోకాట్ ఇచ్చేది పీసీఓ2 (నీటిలోని కార్బన్ డయాక్సైడ్ పాక్షిక పీడనం) కాదు, ఫ్యుగాసిటీ, అంటే వాయువు ఆదర్శంగా ప్రవర్తించదన్న సంగతిని లెక్కలోకి తీసుకుని సరిదిద్దిన పీడనం. ఇది పీసీఓ2 కంటే ఒక మైక్రో అట్మాస్ఫియర్ పైచిలుకు తక్కువ ఉంటుంది. క్వాలిటీ ఫ్లాగులు కూడా చూడాలి: ఏ, బీ అయితే కచ్చితత్వం 2 మైక్రో అట్మాస్ఫియర్లు; సీ, డీ అయితే 5; ‘ఈ’ అయితే 10. గ్లోడాప్‌లో డీఐసీ (నీటిలో కరిగిన అకర్బన కార్బన్ మొత్తం), ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే క్షార గుణం) విలువలు ఓడ యాత్రల మధ్య కిలోకు 4 మైక్రోమోల్స్ లోపు పొందిక ఉండేలా సరిచేసినవి. కాబట్టి మోడల్ తేడా 3 వచ్చిందని కంగారుపడి మోడల్ ట్యూనింగ్ (సర్దుబాట్లు) మొదలుపెట్టొద్దు.

మొట్టమొదట దెబ్బతినేది యూనిట్ల దగ్గర. మోడల్ ఘనపు మీటరుకు మిల్లీమోల్స్ రాస్తుంది, కొలత కిలోకు మైక్రోమోల్స్‌లో ఉంటుంది. కిలోకు 2,000 అంటే ఘనపు మీటరుకు సుమారు 2,050. భాగించాల్సింది మోడల్ వాడిన రిఫరెన్స్ సాంద్రతతోనే. లోతులో పీడనానికి పెరిగిన సాంద్రతతో భాగిస్తే అడుగున లేని తేడా పుట్టుకొస్తుంది.

తర్వాత, ఓడ వెళ్లిన చోట, వెళ్లిన నెలలోనే మోడల్ విలువ తీయండి. ఉత్తర హిందూ మహాసముద్రంలో ఉపరితల కొలతలు చాలా తక్కువ, అరేబియా సముద్రంలోనివి ఎక్కువగా 1995 చుట్టుపక్కలవి. మోడల్ ఇటీవలి ఇరవయ్యేళ్ల సగటును వాటి పక్కన పెడితే, ఈలోగా గాలిలో పెరిగిన కార్బన్ డయాక్సైడ్ అంతా మోడల్ తప్పుగా కనబడుతుంది.

ఇక అసలు మోసం జరిగేది ఇక్కడ. ఉపరితలంలో డీఐసీ కిలోకు 1,950 మైక్రోమోల్స్, పీసీఓ2 380 మైక్రో అట్మాస్ఫియర్లు అనుకుందాం. రెవెల్ ఫ్యాక్టర్ (డీఐసీ ఒక శాతం మారితే పీసీఓ2 ఎన్ని శాతం మారుతుందో చెప్పే సంఖ్య) 10 దగ్గర ఉంటుంది కాబట్టి డీఐసీ ఒక శాతం తగ్గితే పీసీఓ2 పది శాతం పడిపోతుంది. మోడల్‌లో డీఐసీ ఒక్కటే 30 తక్కువైతే పీసీఓ2 50 పైనే తగ్గి తప్పు బయటపడుతుంది. అదే ఆల్కలినిటీ కూడా 30 తక్కువైతే, తేడా 10–15 దగ్గరే ఆగిపోతుంది. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పేస్తాయి. మ్యాప్ మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. అందుకే పీసీఓ2 మ్యాప్ ఒక్కటే చూపించే రిపోర్టును నమ్మకూడదు. డీఐసీని, ఆల్కలినిటీని విడివిడిగా, ఉప్పదనంతో కలిపి చూడాలి.

రుతువుల మార్పులోనూ ఇదే తంతు. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే పీసీఓ2 4.23 శాతం పెరుగుతుంది. 380 దగ్గర రెండు డిగ్రీలకు దాదాపు 33. ప్రతి నెల విలువనూ, ఎక్స్‌పోనెన్షియల్ ఆఫ్ 0.0423 ఇంటూ (సగటు ఉష్ణోగ్రత మైనస్ ఆ నెల ఉష్ణోగ్రత)తో గుణించండి. వేడి ప్రభావం పోయి, ప్లవకాలూ నీటి కలయికా చేసిన పని మిగులుతుంది. మోడల్‌నూ కొలతనూ ఈ మిగిలిన భాగంలోనే పోల్చాలి. వేడి భాగం సరిపోవడంలో గొప్పేమీ లేదు, ఉపరితల ఉష్ణోగ్రత సరిగ్గా ఉంటే అది దానంతటదే వస్తుంది.

బంగాళాఖాతం దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఉప్పదనం 34, ఆల్కలినిటీ 2,300 ఉన్న నీటిలో నది నీరు కలిసి ఉప్పదనం 30కి దిగిందనుకోండి. నది నీటిలో ఆల్కలినిటీ సున్నా అని మోడల్ అనుకుంటే 2,029 వస్తుంది. కిలోకు 1,000 ఉందనుకుంటే 2,147. తేడా 118! వాన నీటికి సున్నా సరే, గంగకూ గోదావరికీ సున్నా పెట్టడం తప్పు. ఆల్కలినిటీని ఉప్పదనంతో భాగించి 'నార్మలైజ్' చేసేవాళ్లూ తెలియకుండా ఇదే సున్నాను ఒప్పుకుంటున్నారు. ఇక్కడ అది పనికిరాదు. పైగా వర్షాకాలంలో మంచినీటి పొర కొన్ని మీటర్ల మందమే ఉండొచ్చు. ఓడ నీరు తోడేది ఐదు మీటర్ల దగ్గరైతే, మోడల్ పై పొరను కాక ఆ లోతును తీసుకోవాలి.

ఫ్లక్స్ (గాలికీ సముద్రానికీ మధ్య కార్బన్ డయాక్సైడ్ ప్రవాహం) పోల్చేటప్పుడు గాలి వేగపు వర్గాల సగటు వాడాలి, సగటు వేగపు వర్గం కాదు. ఒకరోజు సెకనుకు 4 మీటర్లు, ఇంకోరోజు 12 వీస్తే వర్గాల సగటు 80, సగటు వేగపు వర్గం 64. నైరుతి రుతుపవనాల నెలల్లో ఈ తేడాను వదిలేయలేం.

చివరగా డ్రిఫ్ట్, అంటే మోడల్ దానంతటదే మెల్లగా పక్కకు జరగడం. పారిశ్రామిక యుగానికి ముందటి గాలితో కంట్రోల్ రన్ (గాలిలో కార్బన్ డయాక్సైడ్ మారని పరుగు) నడిపి, ప్రపంచం మొత్తం మీద గాలికీ సముద్రానికీ మధ్య ఫ్లక్స్ ఎంత నిలకడగా ఉందో చూడండి. సముద్ర కార్బన్ మోడళ్లను పోల్చిన అంతర్జాతీయ ప్రాజెక్టు ఓసీఎంఐపీ రెండో దశలో పెట్టుకున్న హద్దు ఏడాదికి 0.01 పెటాగ్రాముల (కోటి టన్నుల) కార్బన్. అంతవరకూ స్పిన్-అప్ (మోడల్ నిలకడకు వచ్చేదాకా నడిపే పరుగు) నడపడానికి కంప్యూటర్ సమయం లేకపోతే, కంట్రోల్ రన్‌లోని వాలును ప్రతి గ్రిడ్ గడిలోనూ తీసేశాకే లోతు డీఐసీని గ్లోడాప్ పక్కన పెట్టండి.