విప్‌వర్మ్ ఇంకా వదల్లేదు

మైక్రోస్కోప్ కింద మళ్లీ అవే గుడ్లు, పేగులో ఉండే కొరడా లాంటి విప్‌వర్మ్ పురుగువి. నిమ్మకాయ ఆకారం, రెండు కొసలకూ బిరడాలు. చూడగానే ప్రాణం ఉసూరుమంది.

కుక్కలకు ఢోకా లేదు. పది కిలోలకు ఒక డ్రాంటల్ ప్లస్ పురుగుల మాత్ర చొప్పున వేశాను, బద్దె పురుగు ముక్కలు రాలడం ఆగింది. ఖరీదు ఎక్కువే గానీ నాకు దాని మీదే గురి. పందుల్లో ఏలిక పాముల గుడ్లు కూడా ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందుతో పోయాయి.

గొడవంతా మచ్చల పందితోనే. ఛాతీ చుట్టుకొలత 92 సెం.మీ., చెవుల మధ్య నుంచి తోక మొదలు దాకా 98. మీటర్లలో చుట్టుకొలతను వర్గం చేసి, పొడవుతోనూ 69.3తోనూ గుణిస్తే 57.5 కిలోలు. ఒక శాతం ఐవర్‌మెక్టిన్ 1.7 మి.లీ. పడింది. పశువుల లెక్కన 50 కిలోలకు 1 మి.లీ. అంటే పందికి చాలదు, 33 కిలోలకే అంత కావాలి. అంత చేసినా విప్‌వర్మ్ దగ్గర ఆ మందు నమ్మకం తక్కువ.

అందుకే డాక్టరు గారిని అడిగి ఫెన్‌బెండజోల్ అనే ఇంకో పురుగుల మందుకు వచ్చాను. కిలోకు 5 మి.గ్రా., అంటే 150 మి.గ్రా. మాత్రలు రోజుకు రెండు, వరసగా మూడు రోజులు. తవుడులో పొడి కలిపే పద్ధతి నాకు నచ్చదు. తవుడు తినేసి పొడిని తొట్టి అడుగున తెల్లగా వదిలేస్తాయి, పైగా ఏది ఎంత మింగిందో తెలిసి చావదు. బెల్లం ఉండలో పెట్టి, నోట్లో పడేదాకా పక్కనే నిలబడ్డాను.

ఈ గుడ్లు బరువు, ఉప్పునీళ్లలో సరిగా తేలవు. చిక్కటి పంచదార పాకంలో లెక్కపెట్టాను. మందుకు ముందు గ్రాము పెంటకు 650, రెండు వారాల తర్వాత 150. సున్నా కావాలి కదా!

కొత్తగా అంటుకున్నాయి అందామంటే, గుడ్డు లోపలికి వెళ్లాక పురుగు పెరిగి మళ్లీ గుడ్లు పెట్టడానికి ఆరేడు వారాలు పడుతుంది. పేగు గోడలో దాగిన పిల్ల పురుగులు మందు తప్పించుకుని ఎదిగాయేమో, అది కొట్టిపారేయలేం. నా అనుమానం మాత్రం వేరు. నల్ల కుక్క మలంలోనూ ఇవే గుడ్లు దొరికాయి. కుక్క విప్‌వర్మ్ గుడ్డు 70 మైక్రాన్లు దాటి ఉంటుంది. వీటిని కొలిస్తే 58, 60. అంటే పంది గుడ్లే! వెధవ కుక్క పంది పెంట తింటోంది, గుడ్లు కడుపులోంచి అలాగే బయటికి వచ్చేస్తున్నాయి. మరి దొడ్డిలో పొద్దస్తమానం మట్టీ పెంటా కెలికే పంది విషయంలో అదే ఎందుకు జరగకూడదు? ఆ 150లో సొంత పురుగులవి ఎన్నో, పక్క పంది పెంటలోవి ఎన్నో ఎలా చెప్పేది?

తేల్చుకోవడానికి దాన్ని ఒంటరిగా సిమెంటు గచ్చు మీద కట్టేస్తాను. నాలుగైదు రోజులు పూటకోసారి కడిగేసి, ఆఖర్న తీసిన పెంట చూస్తాను. గుడ్లు లేకపోతే మందు పనిచేసినట్టే. ఉంటే ఫెన్‌బెండజోల్ ఇంకొన్ని రోజులు పొడిగించాలా అని డాక్టరు గారినే అడగాలి. ఎటు తేలినా దొడ్డి మట్టిలో ఈ గుడ్లు ఏళ్ల తరబడి బతుకుతాయి కాబట్టి సగం దాకా గచ్చు వేయించే ఖర్చు తప్పేలా లేదు. మేస్త్రీ రేటు అడిగి పెట్టాను. ఈలోగా నల్లదాన్ని దొడ్డిలోకి రానివ్వకుండా కంచె కింద సందు మూయాలి.