షాంఘైలో మోకాలి ఆపరేషన్: నా అనుభవం

షాంఘైలో జూన్ వచ్చిందంటే వారాల తరబడి ముసురు. ఆ తడి రోడ్డు మీద ఎలక్ట్రిక్ స్కూటర్ జారి పడ్డాను. ఎముక విరగలేదు గానీ ఎడమ మోకాలు మెలిపడి వాచిపోయింది. ఇంగ్లీషు మాట్లాడతారని మొదట ఒక ప్రైవేటు క్లినిక్‌కి వెళ్లాను. డాక్టరు మర్యాదగా మాట్లాడి, నొప్పి బిళ్లలు రాసి, నెలాగి రమ్మన్నారు. ఫీజు మాత్రం బాగానే పడింది. వాపు తగ్గింది, కానీ మెట్లు దిగుతుంటే మోకాలు పక్కకు జారిపోతున్నట్టు ఉండేది.

మా టీములో పనిచేసే షాంఘై అమ్మాయి నా నడక చూసి, "ఎముకలకైతే ఆరో ఆసుపత్రికి వెళ్లండి" అంది. ఊళ్లోవాళ్లకి ఇదంతా నోటికి వచ్చు. మెదడుకీ చర్మానికీ హ్వాషాన్, గుండెకీ కాలేయానికీ జోంగ్‌షాన్, షుగరుకి రుయ్‌జిన్. ఎముకలకి షాంఘై ఆరో పీపుల్స్ ఆసుపత్రి. ఆ పేరు ఊరికే రాలేదు. 1963లో అక్కడి సర్జన్ చెన్ జోంగ్‌వెయ్ బృందం, యంత్రంలో పడి పూర్తిగా తెగిపోయిన ఒక కార్మికుడి కుడిచేతిని మళ్లీ అతికించింది. ఆ చెయ్యి పనిచేసింది కూడా. కొత్త ఊళ్లో ఆసుపత్రి ఎంచుకోవాలంటే నా సలహా ఇదే: రిసెప్షన్‌లో ఏ భాష మాట్లాడతారన్నది తర్వాత చూసుకోవచ్చు, ముందు మీ జబ్బుకి అక్కడివాళ్లు తమ అమ్మానాన్నల్ని ఎక్కడికి తీసుకెళ్తారో అడగండి. చైనాలో ఆసుపత్రులకి మూడు స్థాయులు ఉంటాయి. మూడో స్థాయిలో 'ఎ' గ్రేడు వచ్చినవాటిని సాన్‌జియా అంటారు. పెద్ద జబ్బుకి జనం వెళ్లేది అక్కడికే.

ఇంటి దగ్గర అమ్మ ఒప్పుకోలేదు. "పరాయి దేశంలో కోత ఎందుకురా, విజయవాడ వచ్చెయ్" అని ఫోనులో ఒకటే గొడవ. గుంటూరులో ఆర్థోపెడిక్ డాక్టరైన మా బావగారు అడ్డుపడ్డారు. "ముందు ఎంఆర్‌ఐ తీయించి ఫొటోలు పంపు. ఆ తర్వాత ఎక్కడన్నది చూద్దాం" అన్నారు.

పెద్ద ప్రభుత్వాసుపత్రిలో మొదటి అడుగు గ్వాహావ్, అంటే పేరు నమోదు. చైనీయులు గుర్తింపు కార్డు మెషీన్ మీద పెట్టి క్షణంలో ముగిస్తారు. మనకి మొదటిసారి పాస్‌పోర్టుతో మనుషులున్న కౌంటర్‌కే వెళ్లాలి. ఇక్కడ తెలుగువాళ్లు ఒక్కటి గట్టిగా చూసుకోండి. మన ఇంటిపేరు, అసలు పేరు, వెనక తోక అన్నీ కలిసి ఆ గడిలో పట్టవు. కౌంటర్‌లోని ఆవిడ సగమే కొట్టారు. స్క్రీను నావైపు తిప్పమని అడిగి, పాస్‌పోర్టులో ఉన్నట్టే పూర్తిగా రాయించుకున్నాను. రేపు ఇన్సూరెన్సువాళ్లు బిల్లు మీద పేరు అక్షరం అక్షరం పోల్చి చూస్తారు.

ఏ విభాగానికి వెళ్లాలో తేల్చుకోలేకపోతే ముందు హాల్లో నర్సులు కూర్చునే బల్ల ఉంటుంది. అక్కడ మోకాలు చూపించి, పడ్డానని ఫోనులో రాసి చూపిస్తే, ఎముకల ఓపీకి కాకుండా స్పోర్ట్స్ మెడిసిన్‌కి పంపారు. సాధారణ ఓపీకి చీటీ ఖర్చు చాలా తక్కువ. నిపుణుల ఓపీకి కాస్త ఎక్కువ. విడిగా, తీరిగ్గా చూసే ప్రత్యేక విభాగానికైతే వందల యువాన్లు. మొదటిసారి సాధారణ ఓపీయే చాలనిపించింది, ఎందుకంటే ఎవరు చూసినా ముందు స్కాన్ రాయాల్సిందే.

డాక్టరు గదిలో నాతో పాటు ఇంకో నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. నా మోకాలు వంచుతుంటే వాళ్లూ తొంగి చూశారు. మన పెద్దాసుపత్రి ఓపీ ఎరిగినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. ఒక్కొక్కరికి దొరికేది కొద్ది నిమిషాలే. అందుకే ఎప్పుడు పడ్డానో, ఏ కదలికకి నొప్పో, ఏ మందులు పడవో, నా ప్రశ్నలేమిటో ఒక్క కాగితం మీద చైనీస్‌లో రాయించి తీసుకెళ్లాను. మా టీము అమ్మాయే సరిచూసి ఇచ్చింది. డాక్టరు అది మొత్తం చదివి, పక్కనే జవాబులు రాసిచ్చారు. నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఆ కాగితమే.

తర్వాత వరస ఎక్కడైనా ఒకటే: డాక్టరు పరీక్ష రాస్తారు, మనం డబ్బు కట్టాలి, అప్పుడు పరీక్ష, రిపోర్టు వచ్చాక మళ్లీ అదే డాక్టరు దగ్గరికి. కట్టకుండా ఏదీ కదలదు. ఫోనులో డబ్బు కట్టే యాప్‌లు వీచాట్‌గానీ అలీపేగానీ పనిచేస్తుంటే కౌంటర్ల చుట్టూ తిరిగే పని సగం తగ్గుతుంది. ఎంఆర్‌ఐలో మోకాలిని జారకుండా పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటు పూర్తిగా తెగిందని, కీలు మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ కూడా చిరిగిందని తేలింది. ఫొటోలు చూసి బావగారు, "అక్కడే చేయించుకో, ఆలస్యం చెయ్యకు" అన్నారు. అమ్మకి నచ్చజెప్పే పని కూడా ఆయనే చేశారు. ఆ మేలు నేను మర్చిపోను.

చేరేటప్పుడు అడ్వాన్సు కట్టాలి. ఆపరేషన్‌కి ముందు సర్జన్, మత్తు డాక్టరు విడివిడిగా కాగితాలు ఇస్తారు. ఇంటివాళ్ల సంతకం కూడా అడుగుతారు కాబట్టి మా ఆవిడ పాస్‌పోర్టు, పెళ్లి సర్టిఫికెట్ దగ్గర పెట్టుకున్నాం. నర్సులు ఇంజెక్షన్లు, కట్లు చూస్తారు గానీ ఒళ్లు తుడవడం, బాత్రూముకి తీసుకెళ్లడం వాళ్ల పని కాదు. ఆ పనికి ఇంటి మనిషి ఉండాలి, లేదా రోజు కూలికి హుగోంగ్‌ని, అంటే రోగిని కనిపెట్టుకుని ఉండే మనిషిని, పెట్టుకోవాలి. రాత్రిళ్లకి మేమొక ఆయమ్మని పెట్టుకున్నాం. అన్‌హ్వీ రాష్ట్రం నుంచి వచ్చిన పెద్దావిడ. నా మాట ఆవిడకీ, ఆవిడ మాట నాకూ అర్థం కాకపోయినా, నేను కదిలితే చాలు లేచేది. వేడినీళ్లు తాగేదాకా వదిలేది కాదు. మా ఆవిడ పగలు చారన్నం తెచ్చేది.

డిశ్చార్జి రోజు బయటికి తొందరపడకండి. ఫాప్యావ్ అనే అధికారిక బిల్లు, ఖర్చుల వివరాల పట్టిక, ఆసుపత్రి ఎర్ర స్టాంపు వేసిన డిశ్చార్జి సారాంశం, ఈ మూడూ చేతికొచ్చాకే కదలాలి. క్లెయిముకి ఇవే ప్రాణం. స్కాన్ ఫొటోలు సీడీ మీద కూడా తీసుకున్నాను. ఫిజియోథెరపీ మాత్రం నెలల పని. కుట్లు మానగానే అయిపోయిందనుకుని దాన్ని వదిలేసేవాళ్లని చూశాను. నా సర్జన్ గీసిచ్చిన వ్యాయామాల కాగితం వంటింటి తలుపుకి అంటించి, ఆఫీసుకి బయల్దేరేముందు రోజూ చేస్తున్నాను. ఇప్పుడు మెట్లు చెయ్యి పట్టుకోకుండా దిగుతున్నాను.