లవింగ్ కౌంటీ జనాభా తేలడానికి పట్టిన మూడు వారాలు

టెక్సాస్‌లోని లవింగ్ కౌంటీ మీద తెలుగులో రాస్తున్న పరిచయ వ్యాసం నిన్న రాత్రికి పూర్తయింది. భౌగోళికం, చరిత్ర, జనాభా అని అందులో మూడే భాగాలు. మొదటి రెండిటికీ రెండు రోజులు సరిపోయాయి. జనాభా ఒక్కటే మూడు వారాలు తినేసింది. అమెరికా పల్లె కౌంటీల గురించి రాసేవాళ్లకు పనికొస్తుందని, మరిచిపోకముందే అంతా ఇక్కడ పెడుతున్నాను.

ముందు పేరు. ఇక్కడ లవింగ్ అంటే ప్రేమ కాదు, ఇంటిపేరు. ఆలివర్ లవింగ్ పశువుల వ్యాపారి. 1866లో చార్లెస్ గుడ్‌నైట్‌తో కలిసి మందల్ని పెకోస్ నది వెంబడి ఉత్తరానికి తోలాడు. మరుసటి ఏడు ఆ నది దగ్గరే కొమాంచీల దాడిలో గాయపడి, న్యూ మెక్సికోలోని ఫోర్ట్ సమ్నర్‌లో చనిపోయాడు. కౌంటీని 'జిల్లా' అని మార్చకండి. అక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్, కోర్టు డిస్ట్రిక్ట్ అని వేరే ఉంటాయి, పాఠకుడు తికమక పడతాడు.

హద్దులు తేలికే. ఉత్తరాన న్యూ మెక్సికో, తూర్పున వింక్లర్, దక్షిణాన వార్డ్, పడమర పెకోస్ నది దాటితే రీవ్స్ కౌంటీ. వాయవ్య మూలన రెడ్ బ్లఫ్ జలాశయం. కౌంటీ కేంద్రం మెంటోన్. ఉన్నది ఆ ఒక్క ఊరే, దానికీ మున్సిపాలిటీ లేదు.

విస్తీర్ణం మాత్రం ఎక్కడో చూసి ఎత్తి రాయకండి. అమెరికా జనగణన సంస్థ సెన్సస్ బ్యూరో పెట్టే గెజెటీర్ (ప్రాంతాల వివరాల పట్టిక) ఫైలు దింపుకుని, కౌంటీ కోడ్ 48301 ఉన్న వరస పట్టుకోండి. 48 టెక్సాస్‌ది, 301 లవింగ్‌ది. అందులో నేల, నీరు వేర్వేరు గడుల్లో, చదరపు మీటర్లలో ఉంటాయి. పది లక్షలతో భాగిస్తే చదరపు కిలోమీటర్లు వస్తాయి. మొత్తం సుమారు 677 చదరపు మైళ్లు, అందులో నేల 669. జనసాంద్రతకు నేలనే తీసుకోవాలి. ఫైలును ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే అలబామా లాంటి రాష్ట్రాల కోడ్‌లో ముందున్న సున్నా ఎగిరిపోతుంది. ఆ గడిని ముందే టెక్స్ట్‌గా పెట్టుకోవాలి.

చరిత్రలో ఒక్కచోట చూసుకోవాలి. టెక్సాస్‌లో కౌంటీని గీయడం వేరు, నడపడం వేరు. శాసనసభ 1887లో టామ్ గ్రీన్ కౌంటీ నుంచి లవింగ్‌ను గీసింది. అధికారుల్ని ఎన్నుకుని పాలన మొదలైంది 1893లో. డెన్వర్ నుంచి వచ్చిన కొందరు కాలువ తవ్వి నీళ్లిస్తామని చెప్పి, ఓటర్లంటూ 150 సంతకాలతో అర్జీ పెట్టించారు. 1890 జనగణనలో ఆ కౌంటీ జనాభా ముగ్గురు! పెకోస్ వరదకు వాళ్ల పని కొట్టుకుపోయింది, వాళ్లూ జారుకున్నారు. 1897లో కౌంటీని రద్దు చేసి రీవ్స్‌లో కలిపారు. చమురు పడ్డాక 1931లో మళ్లీ నిలబెట్టారు. టెక్సాస్ 254 కౌంటీల్లో రెండుసార్లు ఏర్పడింది ఇదొక్కటే. కాబట్టి 'ఏర్పాటు: 1887' అని ఒక్క ముక్క రాస్తే తప్పు కాదు గానీ, సగం నిజమే.

ఇక జనాభా. మొదటి ప్రతిలో నేను 169 అని రాశాను. అంకె సెన్సస్ బ్యూరోదే, 2019 జూలై నాటిది. వ్యాసం సరిచూసిన పెద్దమనిషి '64 ఏమైంది?' అని మాత్రం రాసి తిప్పి పంపారు. వివరం అడిగితే జవాబు లేదు. పది మంది చూసేచోట అలా వదిలేయడం బాగా గుచ్చుకుంది. తప్పు చూపేవాళ్లు అది ఎక్కడ ఉందో కూడా చూపాలి.

మూడు వారాలు తవ్వితే తేలింది ఇది. 169 ఎవరూ లెక్కపెట్టిన అంకె కాదు, అంచనా. 2010 లెక్క 82ను మూలంగా తీసుకుని, ఏటా పుట్టినవాళ్లను కలిపి, పోయినవాళ్లను తీసి, వలసను పన్ను రిటర్నుల్లో మారిన చిరునామాలను బట్టి కడతారు. లక్ష మంది ఉన్నచోట చిన్న పొరపాటు కనపడదు. ఎనభై మంది ఉన్నచోట ఏటా పదిమంది ఎక్కువ పడితే తొమ్మిదేళ్లకు లెక్క రెట్టింపు అయిపోతుంది. 2020 ఏప్రిల్ 1 నాటి జనగణనలో వచ్చింది 64.

వెతుకులాటలో కాళ్లకు అడ్డం పడేది సెన్సస్ వెబ్‌సైటే. కౌంటీ పేరు కొట్టగానే రకరకాల పట్టికలు కలగాపులగంగా వస్తాయి. బీ01003 అని ఉంటే అది నమూనా సర్వే, పక్కనే ప్లస్ ఆర్ మైనస్ అని, అంకె ఎంత అటూ ఇటూ కావచ్చో ఉంటుంది. ఇంత చిన్న కౌంటీలో ఆ మైనస్ చూడకుండా అంకె ఎత్తకూడదు. మీకు కావలసింది డెసెన్నియల్ సెన్సస్ (పదేళ్లకోసారి జరిగే జనగణన), పీ1 పట్టిక. జనాభా అంకెలు అచ్చేసే బయటి సైట్లు ఈ రెండిటినీ కలిపి, ఏడాది కూడా రాయకుండా పెడతాయి. వాటిని ఒక్కదాన్నీ నమ్మొద్దు.

64 కూడా ఉన్నదున్నట్టు అంకె కాదు. వ్యక్తుల వివరాలు బయటపడకుండా 2020 లెక్కల్లో బ్యూరో కావాలని కాస్త గణిత కల్తీ కలిపింది. మార్చకుండా ఉంచింది రాష్ట్రం మొత్తం జనాభాను, బ్లాకు (సెన్సస్‌లో అతి చిన్న విభాగం) స్థాయిలో ఇళ్ల సంఖ్యను. కౌంటీ మొత్తానికి ఆ రక్షణ లేదు. అందుకే వయసు, జాతి వారీగా ఈ 64ను ముక్కలు చేసి శాతాలు కట్టే పని నేను పెట్టుకోలేదు. మీరూ పెట్టుకోకండి.

రోడ్ల మీద చమురు ట్రక్కులు బారులు తీరే చోట 64 మందేనా అన్న అనుమానం రావడం సహజం. మనిషి ఎక్కువ రోజులు ఎక్కడ పడుకుంటాడో అక్కడే లెక్కలోకి వస్తాడు. రెండు వారాలు క్యాంపులో పనిచేసి, ఇంకో ఊళ్లో ఉన్న ఇంటికి పోయేవాణ్ని ఆ ఇంటి దగ్గరే రాసుకుంటారు. ఓటుకు సూత్రం వేరు. తాత్కాలికంగా ఎక్కడున్నా, తిరిగి వచ్చే ఉద్దేశం ఉన్న ఇల్లే టెక్సాస్ చట్టంలో నివాసం. 2020 నవంబరులో అధ్యక్ష ఎన్నికకు ఇక్కడ పడిన ఓట్లు 66. జనాభా కంటే రెండు ఎక్కువ. అంతమాత్రాన దొంగ ఓట్లని రాయకూడదు. లెక్కల తేదీ వేరు, నిర్వచనం వేరు.

పాత వరసలోనూ గుంటలున్నాయి. 1900లో 33, 1910లో 249, 1920లో 82, 1930లో 195, 1940లో 285. 1897 నుంచి 1931 దాకా కౌంటీ పాలనే లేదు, అయినా లవింగ్ పేరున అంకెలు వస్తూనే ఉన్నాయి. తెలంగాణ పది జిల్లాలు 33 అయినప్పుడు 2011 లెక్కల్ని మండలాల వారీగా మళ్లీ కూడుకున్నవాళ్లకు ఈ తిప్పలు తెలుసు. 1933లో చమురు ఊపులో జనం 600 దాకా చేరారంటారు. పదేళ్లకోసారి లెక్క కాబట్టి ఆ శిఖరం పట్టికలో కనపడదు. ఇంకోటి, 1920లోనూ 82, 2010లోనూ 82. ఒక వరసను రెండుసార్లు అతికించారేమోనని రెండూ విడిగా సరిచూశాను, రెండూ నిజమే. 2020లో హవాయిలోని కలవావో కౌంటీ జనాభా కూడా 82. లవింగ్ దానికంటే తక్కువ కాబట్టి దేశం మొత్తంలో అతి తక్కువ జనాభా ఉన్న కౌంటీ అనొచ్చు. 2010లోనూ అంతే, అప్పుడు కలవావోలో 90.

లెక్కలోకి వచ్చిన మనుషుల్ని పేర్లతో సహా చూడాలంటే 1950 జనగణన జాబితాల దాకా తెరిచి ఉన్నాయి. పేర్లను 72 ఏళ్లు బయటపెట్టకూడదన్న నిబంధన గడువు తీరి అవి 2022 ఏప్రిల్ 1న బయటికొచ్చాయి. 1890 నాటి ఆ ముగ్గురూ ఎవరో వెతికే ఆశ పెట్టుకోకండి. ఆ జాబితాల్లో చాలా భాగం 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో పాడైపోయింది.

చివరికి వ్యాసంలో నిలిచిన వాక్యం ఇది: '2020 ఏప్రిల్ 1 జనగణన ప్రకారం జనాభా 64 (2010లో 82), నేల విస్తీర్ణం 669 చదరపు మైళ్లు, అంటే సగటున పది చదరపు మైళ్లకు ఒక్కరు.' 169ను కింద వేరే వరసలో, 'అంచనా, 2019 జూలై' అని పక్కన రాసి ఉంచాను. ఈసారి తిరిగి రాలేదు.