మూల చేరని జడ

క్విల్ట్ (పొరలు కలిపి కుట్టే దుప్పటి) బోర్డర్ మీద కుట్టు కోసం గీసుకున్న జడ డిజైన్‌ను మళ్లీ చెరిపేశాను. ఇది మూడోసారి.

నడిమి చదరాల్లో ఐమూల గళ్లు ఒక్క పూటలో గీసేశాను. గుడ్డ మీద నొక్కి గీత పడేసే క్లోవర్ హెరా మార్కర్ ఉంటే తిన్నటి గీతలకు సిరాతో పనే లేదు. పూల ప్రింటు మీద ఈకల డిజైన్ మాత్రం మానుకున్నాను. అంత ప్రింటులో కుట్టు కనపడి చావదు.

తంటా అంతా బోర్డర్ జడతోనే. మూల చదరం నుంచి మూల చదరానికి పట్టీ 60 అంగుళాలు, స్టెన్సిల్‌లో ఒక్కో మెలిక 5. లెక్కకు పన్నెండు సరిగ్గా పట్టాలి. ఎడమ నుంచి గీసుకుంటూ వెళ్తే కుడి మూల దగ్గర ముప్పావు అంగుళం ఖాళీ! పన్నెండుకు పంచితే మెలికకు వీసం, అంటే 1/16 అంగుళం. వీసమెత్తు తేడా అంటే ఏమిటో ఇప్పుడు తెలిసింది.

ముందు స్టెన్సిల్‌ని అనుమానించాను. స్కేలు పెడితే సరిగ్గా 5. తర్వాత పట్టీ కొలిచాను. లోపలి కుట్టు వెంట 60, బయటి అంచు వెంట 60¾. అడ్డపోగున కత్తిరించిన గుడ్డ, పైగా ఆవిరి ఇస్త్రీ చేస్తూ నేనే లాగినట్టున్నాను. జడ నడిచేది పట్టీ మధ్యలో, అక్కడ 60⅜. అంటే సగం తప్పు గుడ్డది. మిగతా ⅜ నాదే అయ్యుండాలి. స్టెన్సిల్ జరిపిన ప్రతిసారీ పాత గీత మీద కాకుండా దాని లోపలి వైపుకు ఆనించాను. పదకొండుసార్లు జరిపాను మరి.

ఆవిరి పట్టి పట్టీని మళ్లీ దగ్గరకు లాగుదామంటే, గీసింది నీళ్లకు పోయే నీలం పెన్నుతో. తడిగుడ్డతో అద్దితే పోయినట్టే పోయి, ఆరాక లేతగా తేలుతోంది. ఆ మీద ఇస్త్రీ తగిలితే మరక ఉండిపోతుంది. చన్నీళ్లలో పూర్తిగా నానబెట్టాల్సిందే. వేడికి మాయమయ్యే పెన్నులంటే నాకు అసలు పడదు, ఆ గీతలు గడ్డకట్టే చలిలో తిరిగి కనిపిస్తాయి.

ఈసారి 60⅜ పొడవున కాగితం పట్టీ కత్తిరించి పన్నెండు మడతలు వేస్తాను. రెండు మూలల నుంచి మధ్యకు గీసుకొస్తే, మిగిలిన తేడాను నడిమి నాలుగు మెలికలు మింగేస్తాయి. ఈకల డిజైన్‌ను మూల చదరాల్లో పెడదామా అనీ ఉంది, అవి సాదా గుడ్డే. ముందు గుడ్డ ఆరనీ.